నికాహ్ పేరిట బేరమా?

1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదేళ్ల ముస్లిం బాలిక ఏడుస్తూ కనిపించింది. పక్కన ఆమెను నికాహ్ చేసుకున్న సౌదీ వృద్ధుడు. ఎయిర్‌హోస్టెస్ అమృతా అహ్లూవాలియా ఆరా తీయబట్టి ఆ పసిపిల్ల బయటపడింది.

మహర్ పెళ్లికుమార్తె హక్కు. తండ్రికి ముట్టే ధర కాదు. స్వేచ్ఛాజీవిని అమ్మి ఆ సొమ్ము తిన్నవానికి ప్రళయదినాన అల్లాహ్‌యే ప్రతివాది అని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పెళ్లికోసం అమ్మిన బాలిక వివాహం 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారమూ చెల్లదు.

మన అమలాపురం, రాజోలు వాసులకు గల్ఫ్ దారి కొత్త కాదు. దళారి సంబంధం తెచ్చినా, ఇంటిపని వీసా తెచ్చినా ముందు విచారించండి. వయసు రుజువు, పిల్ల అంగీకారం లేనిదే నికాహ్ చదవవద్దని ఖాజీ సాహెబులను కోరుతున్నాం. అనుమానం కలిగితే 1098కి ఫోన్ చేయండి. పేదవాని అప్పు తీర్చవలసింది జమాఅత్ బైతుల్‌మాల్, అతని కూతురు కాదు.