నీళ్లు చూచువారి అయస్కాంతజ్ఞానము

నందికొట్కూరు ప్రాంతమున కాలువనీరందని మెట్టపొలములలో బోరు వేయఁదలఁచిన రైతు మొదట వెదకునది యంత్రమును గాదు, నీళ్లు చూచువానిని. అరచేత కొబ్బరికాయ నుంచుకొనియో, పంగలకొమ్మ పట్టుకొనియో యతఁడు పొలమంతయు నడచును. కాయ నిలువుగా లేచినచోట రాయి పాతుదురు. ఇది పాత యాచారమే. అంతకంటె మాకుఁ గోపము పుట్టించునది చదువుకొన్నవారు దీనికిఁ దొడిగిన క్రొత్తచొక్కా. భూమిలో నీరు పాఱుచోట అయస్కాంతశక్తి పుట్టునఁట. ఓ పాజిటివు రక్తము గలవాని శరీరమునకది కరెంటువలెఁ దగులునఁట! కాయను శంకించు రైతు సైతము ఈ “సైన్సు” మాటకుఁ దలయొగ్గుచున్నాఁడు.

మంచినీటి పాయ దిక్సూచి ముల్లునైనఁ గదలింపదు. రక్తములో ఇనుము గలదు గదా యందురు. కలదు; కాని యది మేకులోని యినుమువంటిది కాదు. ఆస్పత్రిలోని ఎమ్మారై యంత్రపు బలము సాధారణముగా 1.5 టెస్లా, అనఁగా భూమి అయస్కాంతబలమునకు 20,000 రెట్లకుఁ బైమాట. అందుఁ బరుండిన రోగి రక్తము ఏ దిక్కునకును బరుగిడదు. (ఉత్తరమునకుఁ దలపెట్టి పరుండరాదనుటకు అయస్కాంతమును సాక్ష్యము పిలుచువారును దీనిని గమనింతురు గాక.) రక్తపు గ్రూపునకు ఇనుముతో సంబంధమే లేదు.

ప్రతిపక్షమునకు న్యాయము చేయుదము. 2019లో అమెరికాలోని కాల్టెక్ శాస్త్రజ్ఞులు, భూమిదానితో సమానబలము గల అయస్కాంతక్షేత్రమును చీఁకటిగదిలోఁ ద్రిప్పఁగా, కొందఱి మెదడులో ఆల్ఫా తరంగములు తగ్గినట్లు ప్రకటించిరి. అయితే అందుఁ గూర్చున్నవారికి ఏమియుఁ దెలియలేదు. 1987-88లో జర్మనీయందు మ్యూనికు నొద్ద ఒక కొట్టములో, క్రింద నీటిగొట్టమును జరుపుచు, పై యంతస్తున 43 మంది నీళ్లు చూచువారిని బరీక్షించిరి. పరీక్షించినవారు కొందఱికి శక్తి గలదనిరి. ఆ లెక్కలనే తిరుగఁజూచిన ఎన్‌రైట్ అను శాస్త్రజ్ఞుఁడు, ఊహించి చెప్పినదానికంటె ఎక్కువేమియు లేదని 1999లోఁ దేల్చెను.

నీళ్లు చూచువారందఱు మోసగాండ్రని మే మనము. చేతి కండరములు తమకుఁ దెలియకయే కదలును. కాయ నిజముగనే లేచును. అయినను ఆ కదలికకుఁ గారణము క్రింది నీరు కాదు, పైవాని మనస్సు.

మన పూర్వుల మాట యేమి? వరాహమిహిరుఁడు బృహత్సంహితలోని దకార్గలాధ్యాయమున చెట్లు, పుట్టలు, మన్ను, రాయి, ఇట్టి కంటికగపడు గుర్తులను జెప్పెను. అన్నియు నిజములు గాకపోవచ్చును. ఎవరైనను బోయి చూచి తప్పొప్పులు తేల్చుకొనవచ్చును. కొబ్బరికాయతో ఆ చిక్కు లేదు. నీరు పడినచోఁ గాయ మహిమ, పడకున్న రైతు కర్మము! ఎండిన బోరుపై వడ్డీ కట్టునది రైతు గాని చూచినవాఁడు గాఁడు.

కావున ఇంట చదువుకొన్నవాఁడున్న ప్రతి రైతును మేము కోరునది యిది: నీళ్లు చూచువాని కన్నులు గట్టి, అదే పొలమునఁ బదిమాఱులు నడిపింపుఁడు. ప్రతిమాఱును గాయ అదేచోట లేచిన పిమ్మటనే బోరుబండిని బిలువుఁడు.