‘పట్టించుకోకు’ అన్నది మందు కాదు

ఉద్యోగ విరమణ చేసినంత మాత్రాన వైద్యుని ఇంటికి రోగులు రావడం మానరు. కిందటి వేసవిలో మా జుక్కల్ ప్రాంతపు డిగ్రీ విద్యార్థి ఒకడు వచ్చాడు. పది రోజులుగా నిద్ర లేదు, అన్నం సహించడం లేదు. పరీక్షిస్తే దేహంలో ఏ దోషమూ కనబడలేదు. గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి చెప్పాడు. చేనులో పత్తి ఏరుతున్న తన తల్లి బొమ్మను ఫోన్ మీద వేలితో వేసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. “అది చెయ్యా, చీపురుకట్టా?” అని ఒకరు రాస్తే, నవ్వే బొమ్మలు వరుసకట్టాయి.

“పట్టించుకోకు నాయనా, చదువు చూసుకో” అని చెప్పి పంపించాను. ఆ సలహా తప్పని తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

చలికాలంలో మా అబ్బాయి ఒక టాబ్లెట్, దానిపై గీసే పెన్ను తెచ్చి ఇచ్చాడు. చిన్ననాటి చిత్రలేఖనపు ముచ్చట మళ్లీ తలెత్తింది. కౌలాస్ కోటను వేశాను. రాళ్లకు ఒక పొర, ఆకాశానికి ఒక పొర, చెట్లకు మరొక పొర. అలా మూడు వారాలు పట్టింది. ఆన్‌లైన్‌లో పెట్టగానే మిత్రులు మెచ్చుకున్నారు. సరిహద్దు ప్రాంతం కనుక ‘ఛాన్ ఆహే’ అని మరాఠీలోనూ ప్రశంసలు అందాయి. రాత్రి పదకొండు గంటలకు ఒక అపరిచితుడు రాశాడు: “యంత్రం వేసిన బొమ్మకు మీరెందుకు సంతకం పెట్టారు?” యాభై ప్రశంసలు మరచిపోయాను, ఆ ఒక్క వాక్యం మిగిలింది. తెల్లవారి చూసుకుంటే, మాత్రలతో అదుపులో ఉండే నా రక్తపోటు 154/92. ఎందరికో ధైర్యం చెప్పిన నాకు ‘పట్టించుకోకు’ అన్న నా మందు పనిచేయలేదు.

ఎందుకు పనిచేయదో వైద్యశాస్త్రం కొంతవరకు చెబుతుంది. 2003లో అమెరికాలో నవోమీ ఐసెన్‌బర్గర్ బృందం ఒక ప్రయోగం చేసింది. కంప్యూటర్‌లో బంతాట ఆడుతున్న వ్యక్తికి మిగిలిన ఆటగాళ్లు బంతి వేయడం మానేసినట్లు కనిపించేలా చేసి, మెదడును స్కాన్ చేశారు. శారీరక నొప్పిలోని బాధతో సంబంధమున్న ఒక భాగం అప్పుడు చురుకైంది. కేవలం బంతి అందకపోతేనే ఇంత జరిగితే, తల్లి బొమ్మను చూసి పదిమంది నవ్వినప్పుడు ఏమి జరుగుతుందో ఊహించవచ్చు. ఆ బాధ పిరికితనం కాదు, అహంకారమూ కాదు.

అయితే బొమ్మలు వేయడమే మానేయాలా? కూడదు. 2016లో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దల చేత 45 నిమిషాలు కళాసృష్టి చేయించింది. దాదాపు నాలుగింట మూడువంతుల మందిలో ఒత్తిడిని సూచించే కార్టిసోల్ తగ్గింది. పూర్వానుభవం ఉన్నవారికీ లేనివారికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అంటే, ఆ మేలు పొందడానికి బొమ్మ బాగా రానక్కరలేదు. వేయడం వేరు, చూపడం వేరు. మొదటిది ఔషధం, రెండవది మోతాదు చూసుకుని చేయవలసిన పని.

నా అభిప్రాయంలో వెక్కిరింత విమర్శ కాదు; ఒట్టి ‘సూపర్’ కూడా విమర్శ కాదు. రెండింటిలోనూ బొమ్మను చూడడం లేదు. మంచి విమర్శ వైద్యపరీక్ష వంటిది. ఎక్కడ నొప్పి ఉందో వెదుకుతుంది, తాకి చూస్తుంది, అక్కడే వేలు పెట్టి చెబుతుంది. నా కోట బొమ్మకు అటువంటి మాట ఒక్కటే వచ్చింది: “గోడ కింద నీడ లేదు, కోట గాలిలో తేలుతున్నట్లుంది.” ఆ మాటా నొచ్చింది. కాని మరునాడు కౌలాస్ వెళ్లి సాయంత్రం దాకా కూర్చుని నీడ ఎటు పడుతుందో చూశాను.

మన చిత్రకళా చరిత్రలోనూ అలా చూసిన కన్ను విలువ తెలుస్తుంది. రాజమహేంద్రవరం కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించి, బొంబాయి జె.జె. కళాశాలలో చదివేందుకు ప్రోత్సహించాడు. 28 ఏళ్లు నిండకుండానే 1925లో మశూచి ఆ చిత్రకారుణ్ణి బలిగొన్నా, ఆయన చిత్రాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో బొమ్మలు పంచుకునే వారికి నా సూచనలు నాలుగు.

మొదటిది: ముందుగా కొద్దిమందికే చూపండి. బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ డెబ్బై ఏళ్లు దాటాక ఐఫోన్ మీద పూలు చిత్రించి, ఉదయమే మిత్రులకు పంపేవాడు. 2010లో పారిస్‌లో ప్రదర్శన జరిగింది ఆ తరువాతే.

రెండవది: బొమ్మతో పాటు ఒక ప్రశ్న పెట్టండి. ‘ఎలా ఉంది?’ అని కాదు. ‘వెలుగు సరిగా పడిందా?’ అని.

మూడవది: నిద్రకు ముందు స్పందనలు చూడకండి. తెర చూస్తున్నప్పుడు కనురెప్పలు ఆర్పడం తగ్గి కళ్లు పొడిబారతాయి. గీసేటప్పుడు ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి.

నాలుగవది: నిద్రలేమి, నిరాశ రెండు వారాలు దాటితే వైద్యుణ్ణి కలవండి. బతకాలని లేదన్న తలంపు వస్తే రెండు వారాలు ఆగకండి. టెలీ మానస్ నంబరు 14416. కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక నా తప్పు. సంక్రాంతి తరువాత ఆ అబ్బాయిని పిలిపించి, “నీ బొమ్మ చూపించు” అన్నాను. వేసవిలో వచ్చినప్పుడు ఆ మాట అడగనే లేదు. రోగిని చూడకుండా మందు రాసిన వైద్యుణ్ణి అయ్యాను. ముఖం చక్కగా వచ్చింది. ఎండకు చిట్లించిన కళ్లు, నుదుటి మీది కొంగు బాగున్నాయి. చెయ్యి మాత్రం నిజంగానే కుదరలేదు. చేతిలో 27 ఎముకలు ఉంటాయని, పత్తి లాగేటప్పుడు బొటనవేలు మిగిలిన వేళ్లకు ఎదురుగా తిరుగుతుందని నా చేతినే చూపించి చెప్పాను. అబ్బాయి నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అమ్మ చెయ్యి ఇంకా గరుకుగా ఉంటది సార్” అని, ఫోన్ తీసి అక్కడే గీయడం మొదలుపెట్టాడు.