అంబాసిడర్ అడుగున కటకట



మా సంఘానికి 1986 నాటి అంబాసిడర్ కారు ఒకటి ఉన్నది. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో బెంగాలులో తయారైన బండి. 2014లో ఆ తయారీ ఆగిపోయింది. మేడ్చల్ నుండి శామీర్‌పేట వైపు పల్లెల్లో కుటుంబ ప్రార్థనలకు పాస్టరు గారిని, నడవలేని పెద్దలను మోసేది ఇదే.

వర్షాల తరువాత వెనుకవైపు కటకటమని శబ్దం మొదలైంది. జాతీయ రహదారి మీద వినబడదు. ఊరి దారి పట్టగానే ఒకటే మోత! మేము సందు మొదట్లో ఉండగానే ఇంటివారు చాపలు పరిచేసేవారు.

కమిటీలో మేమందరం బండి నడిపే తమ్ముడినే అన్నాము, గుంతలు చూసుకోకుండా తోలుతున్నాడని. "వెనక కమాన్ల దగ్గర ఏదో వదులైందయ్యగారూ" అన్నాడతడు. వినలేదు. కానుకల డబ్బుతో సైలెన్సర్ మార్పించాము. మోత తగ్గలేదు. అతడు తాళాలు బల్లమీద పెట్టి, రెండు ఆదివారాలు వెనుక వరుసలో కూర్చుని వెళ్లిపోయాడు.

చివరకు ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చాము. బండి నిలిపి ఇంజను రేస్ చేయించాడు. చప్పుడు లేదు. అంటే తప్పు సైలెన్సర్‌ది కాదన్నమాట. ఇంజను ఆపి, ఇద్దరిని డిక్కీ మీద బరువు వేసి ఊపమన్నాడు. టక్కుమన్నది! ఇంత సులువైన పరీక్ష మాకెవరికీ తోచలేదు.

కమాన్ పట్టీల కట్ట బరువు పడినప్పుడు చదునై పొడవు సాగుతుంది. అందుకే దాని వెనుక కొసను షాకిల్ అనే ఊగే బందుకు తగిలిస్తారు. అందులోని రబ్బరు బుష్‌లు అరిగితే ఇనుము ఇనుమును కొడుతుంది. మావి అట్లే అరిగి పిప్పి అయ్యాయి. అదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. ఇరుసును కమానుకు బిగించే యూ బోల్టుల నట్లు రెండు చేతితోనే తిరిగాయి. అవి పూర్తిగా వదిలితే ఇరుసు పక్కకు జరిగి బండి అదుపు తప్పుతుంది. చెరువు కట్ట మీద అంతమంది పెద్దలతో ఎన్నిసార్లు పోయామో తలచుకుంటే ఒళ్లు జలదరించింది.

మీ ఇంట్లో జీపున్నా, ట్రాలీ ఉన్నా ఒక మాట. జాకీని ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరవద్దు. చక్రాలకు రాళ్లు పెట్టి, చట్రం కింద గట్టి దిమ్మెలు ఆనించండి. రబ్బరు బుష్‌కు గ్రీజు పూయవద్దు, రబ్బరు ఉబ్బి చెడుతుంది. సబ్బు నీళ్లు రాస్తే చాలు. బండి బరువు చక్రాల మీదికి దిగిన తరువాతే చివరి బిగింపు.

తరువాతి ఆదివారం ఆరాధన ముగిశాక, కమిటీ తరఫున అందరి యెదుట ఆ తమ్ముడిని క్షమాపణ అడిగాము. అతడు తల వంచుకుని, "కొన్ని దినాలు తిరిగినాక నట్లు మళ్లీ బిగించాలయ్యగారూ" అన్నాడు. శనివారం ఆ పని పెట్టుకున్నాడు. పానాలు అందించడానికి మేము వెళుతున్నాము.