నామినేషనే పడనిచోట నాయకత్వ పాఠాలా?

దళిత, గిరిజన, వెనుకబడిన కులాల నుంచి నాయకులు ఎందుకు ఎదిగి రావడం లేదని అడిగితే అధికారులైనా, స్వచ్ఛంద సంస్థలైనా, సంపాదకీయాలు రాసేవారైనా ఒకటే జవాబు చెబుతారు: వాళ్లకు శిక్షణ లేదు, ఇస్తే అంతా సర్దుకుంటుంది. వినడానికి సౌమ్యంగా ఉన్న ఈ మాటలో ఒక నింద ఉంది. తప్పు దూరం పెట్టినవాడిది కాదట, దూరంగా ఉండిపోయినవాడిదట! పల్నాడులో ఈ వాదం ఒక్క పూట కూడా నిలబడదు. జిల్లాలోని ఏడు అసెంబ్లీ స్థానాలూ జనరల్, నరసరావుపేట లోక్‌సభ స్థానమూ జనరలే. మాల, మాదిగలకైనా, వెల్దుర్తి, బొల్లాపల్లి తండాల సుగాలీలకైనా రిజర్వేషన్ దక్కేది స్థానిక సంస్థల్లోనే.

అక్కడ ఏం జరిగిందో చూడండి. 2020 మార్చిలో నామినేషన్ల వేళ మాచర్లలో ప్రతిపక్ష నాయకుల కారు మీద పట్టపగలే దాడి జరిగింది. మరుసటి ఏడాది మున్సిపల్ ఎన్నికల్లో మాచర్లలోని 31 వార్డులూ, పిడుగురాళ్లలోని 33 వార్డులూ అప్పటి అధికార పార్టీకే ఏకగ్రీవమయ్యాయి. ఎస్సీలకు, బీసీలకు, మహిళలకు కేటాయించిన వార్డులూ వాటిలోనే ఉన్నాయి. రెండు పట్టణాల్లో పోటీ చేయగలవాడు ఒక్కడూ లేకపోయాడంటే అది శిక్షణ కొరతా? పైగా పోటీ లేని పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రభుత్వమే నజరానా ప్రకటించింది. పొరుగున తమిళనాడులో కథ ఇంకా ఘోరం. ఎస్సీలకు రిజర్వు చేసిన పాప్పాపట్టి, కీరిపట్టి పంచాయతీల్లో 1996 నుంచి 2006 దాకా అధ్యక్షుణ్ణి నిలబడనివ్వలేదు. మేలవలవులో నెగ్గిన మురుగేశన్‌ను 1997 జూన్ 30న, మరో అయిదుగురితో సహా నరికి చంపారు. ఆయనకు ఏ తరగతి తక్కువైందో శిక్షకులే చెప్పాలి.

నెగ్గి బతికి బట్టకట్టినవారి సంగతీ చూద్దాం. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఖర్చు పెట్టాలంటే సర్పంచ్ డిజిటల్ కీ కావాలి. చూడ్డానికి పెన్‌డ్రైవంత పరికరం. అది సర్పంచ్ దగ్గరే ఉంటోందా, ఊరి పెద్ద జేబులో ఉంటోందా అన్నదే అసలు ప్రశ్న. దాన్ని ఎలా వాడాలో మధ్యాహ్న భోజనం పెట్టి రెండు రోజులు నేర్పుతారు గానీ, లాక్కున్నవాడి దగ్గర నుంచి తిరిగి ఇప్పించే అధికారి మాత్రం కనపడడు. కీ చేతిలో ఉన్నవాళ్లకూ ఖాతాలో డబ్బు మిగలాలి కదా. 2021లో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద జమ చేసుకుంటే రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు. అందులో అన్ని కులాలవారూ ఉన్నారు, శిక్షణ పొందినవారూ ఉన్నారు.

చదువు, అవగాహన వల్ల మార్పు రాలేదా, సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన దూబగుంటను మరిచారా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అక్షరాస్యత తరగతులు ఆ ఊరి ఆడవాళ్లను ఒకచోట చేర్చిన మాట నిజం. అయితే 1993లో సారా నిషేధం వచ్చింది తరగతుల వల్ల కాదు, వాళ్లు సారా వేలం పాటలను అడ్డుకున్నందువల్ల. చట్టం తెలియడం మంచిదే, ఎవరు కాదన్నారు? పదవి చేతికొచ్చాక అది పదును పెడుతుంది. పదవికి ముందే అర్హతగా అడిగితే గడప దగ్గరే ఆపేస్తుంది. హర్యానా 2015లో పంచాయతీ అభ్యర్థులకు చదువు నిబంధన పెట్టింది, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దెబ్బ ఎక్కువగా పడింది దళితుల మీద, అందులోనూ స్త్రీల మీద. ‘వీళ్లకు తెలియదు’ అనే సానుభూతి చట్టమైతే ఇలాగే ఉంటుంది. ఎమ్మెల్యేకు మాత్రం ఏ చదువూ అక్కర్లేదు!

మాల కన్నమదాసును బ్రహ్మనాయుడు సేనాధిపతిని చేశాడని పల్నాడు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది, కారెంపూడిలో ఏటా వీరుల తిరునాళ్ల చేస్తుంది. కన్నమదాసుకు ముందుగా నాయకత్వ తరగతులు పెట్టారని ఏ వీరవిద్యావంతుడూ పాడినట్టు లేదు. సేనను అప్పగించారు, అంతే. ఇప్పుడు చేయాల్సినవీ అలాంటి పనులే. ఏకగ్రీవ నజరానాలు రద్దు చేయాలి. నామినేషన్ కేంద్రానికి వెళ్లే దారిలో పోలీసు రక్షణ ఉండాలి. డిజిటల్ కీ లాక్కున్నవాడి మీద కేసు పెట్టాలి. జనరల్ స్థానంలో దళితుడు పోటీ చేయకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. ప్రధాన పార్టీలు ముందు ఆ ఏడు స్థానాల్లో ఒక్కదాని బీఫారం దళితుడి చేతికివ్వాలి. శిక్షణ గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.