‘ఎందుకు?’ అని అడిగినవాడు

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి ఎల్బీనగర్ వైపు నడిస్తే దారి పొడవునా బోర్డులే. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు, బ్యాంకు... ఏ ఉద్యోగానికి ఆ కోచింగ్! చైతన్యపురి, కొత్తపేట సందుల్లోని హాస్టళ్లలో ఊళ్ల నుంచి వచ్చిన కుర్రకారు గైడ్లు ముందేసుకుని బట్టీ పడుతుంటారు. వాళ్లలో తెలుగు సాహిత్యం చదివేవారిని ‘తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల ఏది?’ అని అడిగితే చాలు... ప్రశ్న పూర్తికాకముందే ‘అసమర్థుని జీవయాత్ర’ అని జవాబొస్తుంది. రాసిందెవరు? త్రిపురనేని గోపీచంద్. ఒక మార్కు ఖాయం!

ఆ ఒక్క మార్కు వెనక ఓ నిండు జీవితం ఉంది. నవలలు రాసిన చేత్తోనే సినిమాలూ తీసిన మనిషి కథ అది.

నాన్న నేర్పిన ప్రశ్న

గోపీచంద్ 1910 సెప్టెంబరు 8న కృష్ణా జిల్లాలో గుడివాడకు దగ్గర్లోని అంగలూరులో పుట్టారు. తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి బారిస్టరు, కవి, తెనాలి మున్సిపల్ ఛైర్మన్‌గా పనిచేసినవారు. అన్నిటికీ మించి హేతువాది. ‘శంబుక వధ’, ‘సూత పురాణం’ రాసి పురాణాలను బోనెక్కించారు. పెళ్లి మంత్రాలు అందరికీ అర్థమవ్వాలంటూ తెలుగులోనే వివాహ విధి రాశారు.

అలాంటి ఇంట్లో పెరిగిన కొడుక్కి దేన్నీ ఉన్నదున్నట్టు ఒప్పుకునే అలవాటు ఎలా వస్తుంది? తన పేరు నిలబెట్టిన నవలను గోపీచంద్ తండ్రికే అంకితమిచ్చారు. ఎందుకన్న ప్రశ్న వేయడం నేర్పినందుకు అది కొడుకు చెప్పుకున్న కృతజ్ఞత.

న్యాయశాస్త్రం చదివి కొన్నాళ్లు ప్లీడరుగా చేశారు. నల్లకోటు పెద్దగా అచ్చిరాలేదు. ఎం.ఎన్.రాయ్ భావాలు ఆకట్టుకున్నాయి. రాయ్ స్థాపించిన రాడికల్ డెమోక్రటిక్ పార్టీకి ఆంధ్రలో కార్యదర్శిగా పనిచేశారు. ఒకపక్క రాజకీయం, మరోపక్క కథలు... వాటి మధ్యలోకి సినిమా వచ్చి చేరింది.

రైతు కోసం మాట

గూడవల్లి రామబ్రహ్మం 1939లో తీసిన ‘రైతుబిడ్డ’కు గోపీచంద్ మాటలు రాశారు. దేవుళ్ల కథలు తెరను ఏలుతున్న రోజుల్లో జమీందార్ల ఆగడాలను చూపించిన సినిమా అది. జమీందార్లకు కంటగింపైంది, నిషేధాన్నీ ఎదుర్కొంది. ఆ తర్వాత ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో 1946లో వచ్చిన ‘గృహప్రవేశం’కీ రచన ఆయనదే.

1950లో తానే మెగాఫోన్ పట్టారు. తొలి చిత్రం ‘లక్ష్మమ్మ’. జనం నోళ్లలో నానిన ఓ ఇల్లాలి కథ. విచిత్రమేమిటంటే సరిగ్గా అదే కథతో ఘంటసాల బలరామయ్య ‘శ్రీలక్ష్మమ్మ కథ’ తీశారు. రెండూ ఒకే ఏడాది విడుదలయ్యాయి. అటు అంజలీదేవి, అక్కినేని. ఇటు కృష్ణవేణి. ఆమె మీర్జాపురం రాజావారి భార్య. జమీందార్ల మీద విరుచుకుపడ్డ సినిమాకు మాటలు రాసిన పదకొండేళ్లకు, ఓ జమీందారు ఇంటి ఇల్లాలే ఆయన తొలి కథానాయిక అయ్యారన్నమాట!

1951లో ‘పేరంటాలు’, 1952లో ‘ప్రియురాలు’ తీశారు. ‘ప్రియురాలు’తోనే కొంగర జగ్గయ్య వెండితెరకు పరిచయమయ్యారు. కంచు కంఠంతో ఆంధ్రదేశాన్ని ఊపేసి, 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు వెళ్లిన జగ్గయ్యే ఆయన. ఆ సినిమాతో గోపీచంద్ దర్శకత్వం మూడో మెట్టు మీదే ఆగిపోయింది.

ఎవరు అసమర్థుడు?

సినిమా చరిత్రలో ఆయనది కొన్ని పేజీలే కావచ్చు. నవలా చరిత్రలో మాత్రం ఓ అధ్యాయం. దేశానికి స్వాతంత్ర్యం వస్తున్న రోజుల్లో, అందరూ వీరుల గురించి రాస్తున్నప్పుడు, ఆయన ఓడిపోయినవాణ్ణి నాయకుణ్ణి చేశారు. ఆ నాయకుడే సీతారామారావు.

కలిగిన ఇంట్లో పుట్టాడు. వంశప్రతిష్ఠ నిలబెట్టాలన్న తండ్రి మాట తలకెక్కించుకున్నాడు. పేరు కోసం ఆస్తి హారతి కర్పూరంలా కరిగించేశాడు. డబ్బు పోయాక బంధువులూ పోయారు. ఏ పనిలోనూ కుదురుకోలేకపోయాడు. తప్పంతా లోకానిదే అన్నాడు. ఆ కోపమంతా ఇంట్లో భార్య మీద చూపించాడు. చివరికి శ్మశానంలో అతని కథ ముగుస్తుంది.

ఇందులో విలన్ లేడు. అదే ఆ నవల బలం. అతన్ని పాడుచేసింది పెంపకమా, సంఘమా, అతని బుర్రేనా? పాఠకుడు ఒకచోట అతణ్ణి చీదరించుకుంటాడు. నాలుగు పేజీలు తిరిగేసరికి ‘ఇందులో నేనూ ఉన్నానే!’ అని ఉలిక్కిపడతాడు. కొడుకు ఎలా ఉన్నాడో చూడకుండా ఇంటి పరువు బరువంతా భుజానికెత్తే తల్లిదండ్రులకూ, పరీక్ష తప్పగానే తనను తాను ఎందుకూ పనికిరానివాడిగా లెక్కగట్టుకునే పిల్లలకూ ఇప్పటికీ అది అద్దమే.

ఆగిపోని నడక

గోపీచంద్ తాను సృష్టించిన సీతారామారావులా ఓచోట కూలబడిపోలేదు. సినిమాల తర్వాత ప్రభుత్వ సమాచార శాఖలోనూ, ఆపై ఆకాశవాణిలోనూ ఉద్యోగాలు చేశారు. కలం మాత్రం వదల్లేదు. ప్రపంచ తత్వవేత్తలను తేటతెలుగులో పరిచయం చేస్తూ ‘తత్వవేత్తలు’ రాశారు. ‘పోస్టు చేయని ఉత్తరాలు’ రాశారు.

హేతువాది కొడుకు, రాయ్ శిష్యుడు చివరికి అరవిందుడి తత్వం వైపు వెళ్లారు. పాత మిత్రులకు మింగుడుపడని మలుపే! కానీ ‘ఎందుకు?’ అని అడగడమంటూ మొదలెడితే ఏదో ఓ రోజు తన నమ్మకాలనూ అడగక తప్పదు. ఆ అన్వేషణలో పుట్టిందే ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’. కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న తొలి తెలుగు నవల అది. ఆ బహుమతి 1963లో వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు. 1962 నవంబరు 2న, 52 ఏళ్లకే కన్నుమూశారు. 2011లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

‘ఫిదా’లో సాయిపల్లవి తండ్రిగా మెప్పించిన సాయిచంద్ గుర్తున్నారా? ఆయన గోపీచంద్ కుమారుడే. తొలినాళ్లలో తెలంగాణ రైతాంగ పోరాటం మీద తీసిన ‘మా భూమి’లో రామయ్యగా నటించారు. ఆ సినిమా 1980లో విడుదలైంది. తండ్రి ‘రైతుబిడ్డ’కు మాటలు రాసిన నాలుగు దశాబ్దాలకు, కొడుకు రైతుబిడ్డగా తెరమీద నిలబడ్డారు.

ఆస్తి కరిగిపోవచ్చు, సినిమాలు మరుగున పడవచ్చు. తండ్రి ఇచ్చిన ప్రశ్న మాత్రం ఆ ఇంట్లో తరం మారినా ఖర్చవలేదు. గైడులో ఒక్క మార్కు జవాబును చదివేసి పేజీ తిప్పే పిల్లలు, పరీక్షయ్యాక తీరిగ్గా ఆ నవలనూ చదివితే... మార్కులకు అందనిదేదో దొరుకుతుంది.