దాతృత్వానికీ గడువు ఉండాలి

అపారమైన ఆస్తి మిగుల్చుకుని చనిపోవడం ధనికుడికి అవమానమని ఉక్కు పారిశ్రామికవేత్త ఆండ్రూ కార్నెగీ 1889లో రాశారు. మూడేళ్లకు, పెన్సిల్వేనియాలోని ఆయన హోమ్‌స్టెడ్ కర్మాగారంలో వేతనాల కోతను కార్మిక సంఘం ఒప్పుకోలేదు. కార్నెగీ స్కాట్లాండ్‌లో ఉన్నారు. కర్మాగారం వ్యవహారాలు చూస్తున్న హెన్రీ క్లే ఫ్రిక్ కార్మికులను గేటు బయటే నిలిపి, ప్రైవేటు భద్రతా సంస్థ పింకర్టన్‌కు చెందిన 300 మంది సాయుధులను పడవల్లో రప్పించారు. 1892 జులై 6న కాల్పుల్లో ఇరువైపులా కలిపి కనీసం పది మంది ప్రాణాలు పోయాయి. సంఘం నడుం విరిగింది. 1898లో ఆ పక్కనే కార్నెగీ ఘనమైన గ్రంథాలయం కట్టించారు. పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడినవాడు పుస్తకం తెరిచేదెప్పుడు?

ఆవును చంపి చెప్పులు దానం చేశారని తేల్చేస్తే మాత్రం సగం నిజమే చెప్పినట్టు. ఆయన డబ్బుతో ప్రపంచంలో 2,500కు పైగా గ్రంథాలయాలు వెలిశాయి. ఊరు స్థలం ఇవ్వాలి, విరాళంలో పదో వంతు ఏటా నిర్వహణకు వెచ్చించాలి అన్నది షరతు. ఆ షరతు వల్ల ఎన్నో ఊళ్లలో గ్రంథాలయం నడపడం పురపాలక సంఘాల బాధ్యతల్లో ఒకటైంది. దాత పోయినా పుస్తకాలు మిగిలాయి.

చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ తన ఫౌండేషన్‌కు చార్టర్ కోరితే అమెరికా కాంగ్రెస్ ఇవ్వలేదు. అంత డబ్బు, అంత అధికారం ఒక కుటుంబం చేతిలో శాశ్వతంగా ఉండటంపై నాడు భయం ఉండేది. 1913లో న్యూయార్క్ రాష్ట్రం అనుమతించింది. మరుసటి ఏడాదే కొలరాడోలోని లడ్లోలో, ఆ కుటుంబ నియంత్రణలో ఉన్న కంపెనీపై సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాలు తగలబడి 11 మంది పిల్లలు, ఇద్దరు స్త్రీలు చనిపోయారు. ఆ భయం అకారణం కాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది సియర్స్ సంస్థ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌తో చేయి కలిపి, 1932 నాటికి అమెరికా దక్షిణాదిలోని 15 రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకు దాదాపు 5,000 బడులు కట్టించారు. తర్వాత పౌరహక్కుల నేతగా ఎదిగిన జాన్ లూయిస్ చదివింది అలాంటి బడిలోనే. ఖర్చు మొత్తం ఆయన భరించలేదు. స్థానికులూ, ప్రభుత్వమూ తమ వంతు వేయాలన్నారు. నల్లజాతి కౌలు రైతులు, కూలీలు కూడబెట్టి సుమారు 47 లక్షల డాలర్లు ఇచ్చారు. అది రోజెన్‌వాల్డ్ వాటా కంటే కాస్త ఎక్కువే. అప్పటికే వాళ్లు పన్నులు కడుతున్నారు, ఆ సొమ్ములో సింహభాగం తెల్లపిల్లల బడులకు పోతోంది. అంటే ఒకే చదువుకు రెండుసార్లు చెల్లించారు. ఆ బడులకు దాతల పేరు పెట్టాల్సి వస్తే మొదట రాయాల్సింది వాళ్ల పేర్లే.

రోజెన్‌వాల్డ్ మరో గొప్ప పని చేశారు. తన మరణం తర్వాత పాతికేళ్లలోపు తన దాతృత్వ నిధి మొత్తం ఖర్చైపోవాలని కట్టడి పెట్టారు. రేపటి అవసరాలు రేపటివాళ్లకే తెలుస్తాయన్నది ఆయన నమ్మకం. 1932లో ఆయన కన్నుమూశారు, 1948లో నిధి మూతపడింది.

నేడు అమెరికాలో ప్రైవేట్ ఫౌండేషన్లు ఏటా ఆస్తుల్లో దాదాపు 5 శాతం వెచ్చిస్తే చాలు, తరతరాలు బతకొచ్చు. గేట్స్ ఫౌండేషన్ 2045లో మూసేస్తామని ప్రకటించడం మంచి మార్పు. అయితే గడువు ఒక్కటే చాలదు. పన్ను రాయితీ పొందిన ప్రతి డాలరులో ప్రజల ఖజానా వాటా ఉంది. సాయం అందుకునేవారి ప్రతినిధులకు ఆ బోర్డుల్లో ఓటు ఉండాలి. అమెరికా చట్టం ఇప్పటికీ ఆ షరతు పెట్టలేదు.