స్విట్జర్లాండ్‌కి కుక్కర్ ఎందుకు?

మా మిత్రురాలొకామె ఇంట్లో నాలుగు నెలలుగా స్విట్జర్లాండ్ ప్రయాణం ప్లాను జరుగుతోంది. ఆమె హైస్కూలు టీచరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. పి.ఎఫ్. లోంచి డబ్బు తీసి ఖర్చులో సగం ఆమే పెడుతోంది. మొన్న వాళ్ళింటికి వెళితే బల్ల మీద రెండు కాగితాలు కనిపించాయి. ఒకటి ఆయన రాసింది: జ్యూరిచ్, లూసెర్న్, టిట్లిస్, ఇంటర్‌లాకెన్, యుంగ్‌ఫ్రౌ, రైళ్ళ టైములతో సహా. రెండోది ఆమె రాసింది: చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, నాలుగు కిలోల బియ్యం, కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, పులిహోర గుజ్జు. నెయ్యి అని రాసి కొట్టేసి ఉంది. పాలపదార్థాలు అక్కడికి రానివ్వరని ఆయన నియమాలు చదివి చెప్పారట. హోటల్ తిండి మండిపోతుంది కాబట్టి వంటిల్లున్న అపార్ట్‌మెంటు తీసుకుంటున్నారు.

"మరి అక్కడ వండేదెవరు?" అని అడిగాను. ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. "మీ సంఘం వాళ్ళకి ప్రతిదాంట్లోనూ ఇదే కనబడుతుందండీ" అన్నారు.

కనబడకుండా ఎలా ఉంటుంది? మన ప్రభుత్వమే 2024లో చేసిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు జీతంలేని ఆ పనికి పెడుతున్నారని తేలింది. ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. ఈ 289 నిమిషాల్ని సూట్‌కేసులో సర్దుకుని ఆల్ప్స్ పర్వతాల దాకా మోసుకెళ్ళడాన్ని సెలవు అంటున్నాం. కిటికీలోంచి మంచుకొండ కనిపించినంత మాత్రాన గిన్నెలు వాటంతటవే తోముకోవు కదా.

ఈ సంగతి మా కార్యకర్తల సమావేశంలో చెప్తే ఒక చెల్లెలు విసుక్కుంది. "అక్కా, కూలిరేట్లు, వరకట్న చావులు వదిలేసి స్విట్జర్లాండ్ కబుర్లా?" అంది. ఆ కోపం నాకర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణం విశ్రాంతి, తీరిక, జీతంతో కూడిన సెలవులు ప్రతి మనిషి హక్కని చెబుతుంది. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలోనూ ఆ మాటే ఉంది, దాన్లో మన దేశం 1979లో చేరింది. ఇన్నేళ్ళుగా హక్కుల తరగతులు పెడుతున్నాం, ఈ ఒక్క అధికరణాన్ని మాత్రం దాటేసుకుంటూ పోయాం. ఆడవాళ్ళకి అలసట ఉంటుందని ఒప్పుకోవడం మనకీ చేతకాలేదు.

ఇక స్విట్జర్లాండ్ సంగతి. ఆ దేశం మనకి సినిమా పాటల్లోంచి పరిచయమైంది. మంచులో హీరోయిన్ పల్చటి చీరలో వణుకుతుంటుంది, హీరో ఉన్ని కోటు వేసుకుని ఉంటాడు. ఆ పాటలు చూసి అక్కడికి వెళ్ళే భారతీయులు ఎంతమందంటే, ఇంటర్‌లాకెన్‌లో 2016లో యశ్ చోప్రా విగ్రహం పెట్టారు. టూరు కంపెనీల కాగితాలన్నీ ఒకటే పాట పాడతాయి: భూతల స్వర్గం. ఎవరికి స్వర్గం, ఎప్పటినించి?

1959 ఫిబ్రవరి 1న ఆ దేశపు మగవాళ్ళు బ్యాలట్ పెట్టెల దగ్గరికి వెళ్ళి, నూటికి దాదాపు 67 మంది, ఆడవాళ్ళకి ఓటు వద్దని తీర్మానించి వచ్చారు. అప్పటికి మన దుర్గాబాయి రాజ్యాంగసభలో కూర్చుని పదేళ్ళు దాటింది. అక్షరం రాని మన తల్లులు రెండు సార్వత్రిక ఎన్నికల్లో ఓట్లేశారు. స్విస్ స్త్రీలకి జాతీయ స్థాయిలో ఓటు వచ్చింది 1971 ఫిబ్రవరి 7న. అదీ మగవాళ్ళు దయతలచి ఓటేస్తేనే. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న రాష్ట్రంలో మగవాళ్ళు అక్కడికీ తగ్గలేదు. ఏటా బజారు చౌకులో సభ జరిపి చేతులెత్తి తీర్మానాలు చేసుకునే సంప్రదాయం వాళ్ళది. ఆ సభలోకి ఆడదాన్ని రానివ్వమని 1990 ఏప్రిల్‌లో కూడా చేతులెత్తి చెప్పారు. అదే ఏడాది నవంబర్ 27న సుప్రీంకోర్టు ఆదేశిస్తే గాని దారికి రాలేదు. ప్రత్యక్ష ప్రజాస్వామ్యానికి పుట్టిల్లని మనకి పాఠాల్లో చెప్పిన దేశం ఇదే.

చట్టం ఇంటి లోపల ఇంకా బాహాటంగా మాట్లాడింది. 1987 చివరిదాకా వాళ్ళ సివిల్ కోడ్‌లో కుటుంబానికి పెద్ద భర్త. ఎక్కడ కాపురముండాలో నిర్ణయించేది అతనే. భార్య ఉద్యోగం చెయ్యాలంటే అతని సమ్మతి ఉండాలి. ఇల్లు నడిపేది భార్య అని సాక్షాత్తూ చట్టంలోనే రాసుకున్నారు. మనవాళ్ళు మనుస్మృతిలో వెతుక్కునేదాన్ని వాళ్ళు సెక్షన్ నంబరు వేసి అచ్చేశారన్నమాట. కొత్త వివాహ చట్టం 1985లో ప్రజల ఓటుతో గెలిచి, 1988లో అమల్లోకి వచ్చింది. ప్రసూతి బీమా తేవాలని రాజ్యాంగంలో 1945లోనే రాసుకుని, బాలింతకి జీతంతో పద్నాలుగు వారాల సెలవు ఇవ్వడానికి 2005 దాకా ఆగారు.

పెళ్ళికాకుండా తల్లులైన పిల్లల్ని, 'నడవడి బాగాలేదు' అనిపించుకున్న ఆడపిల్లల్ని విచారణ లేకుండానే నిర్బంధించే పద్ధతి అక్కడ 1981 దాకా నడిచింది. బెర్న్‌కి దగ్గర్లోని హిండెల్‌బాంక్ జైల్లో నేరస్తులతో పాటు అలాంటి పిల్లల్నీ పెట్టారు. ప్రభుత్వం 2010లో క్షమాపణ చెప్పింది. ఆ ఊరు ఏ టూరిస్టు మ్యాపులోనూ ఉండదు.

ఇవన్నీ చెప్పి ఆ దేశానికి వెళ్ళొద్దంటున్నానా? కాదు. వెళ్ళమంటున్నాను, కానీ కళ్ళు తెరుచుకుని వెళ్ళమంటున్నాను. అక్కడ చూడాల్సినవి వేరే ఉన్నాయి. మాటర్‌హార్న్ శిఖరాన్నే తీసుకోండి. 1871లో లూసీ వాకర్ అనే ఇంగ్లీషామె పొడుగు గౌను వేసుకునే ఆ శిఖరం ఎక్కింది. ఆ కొండల నీడలో పుట్టిన స్త్రీలకి ఓటు రావడానికి దాని తర్వాత సరిగ్గా నూరేళ్ళు పట్టింది. స్విస్ పర్వతారోహకుల క్లబ్బు 1907లో ఆడవాళ్ళని బయటికి నెడితే, వాళ్ళు 1918లో సొంత క్లబ్బు పెట్టుకుని కొండలెక్కారు. రెండు క్లబ్బులూ ఒకటి కావడం 1980లో. యుంగ్‌ఫ్రౌ అంటే కన్య అని అర్థం. ఆ కన్య పక్కన 3,454 మీటర్ల ఎత్తులో రైలు దిగి ఫోటో తీసుకునేటప్పుడు ఈ ఆడవాళ్ళు గుర్తుకొస్తే బాగుంటుంది.

అసలు నేను చూడమనేది 1991 జూన్ 14. కొండల మధ్య గడియారాలు తయారుచేసే చోట కొందరు శ్రామిక స్త్రీలకి పుట్టిన ఆలోచన అది. సమాన హక్కుల అధికరణం రాజ్యాంగంలోకి వచ్చి పదేళ్ళయినా సమాన వేతనం రాలేదు, కాబట్టి పని ఆపేద్దామన్నారు. క్రిస్టియాన్ బ్రూనెర్ లాంటి యూనియన్ నాయకురాళ్ళు అందుకున్నారు. ఆ రోజు దాదాపు ఐదు లక్షల మంది పాల్గొన్నారు. ఫ్యాక్టరీలో పని ఆపినవాళ్ళున్నారు, పొయ్యి వెలిగించనివాళ్ళున్నారు. మనకి ఇది ముఖ్యం: ఇంటిపనిని కూడా సమ్మెలో చేర్చారు. ఐదేళ్ళకి సమానత్వ చట్టం అమల్లోకి వచ్చింది. జీతాల తేడా పూర్తిగా పోలేదు, అందుకే 2019లోనూ 2023లోనూ అదే తేదీన మళ్ళీ వీధుల్లోకి వచ్చారు. బెర్న్‌లో పార్లమెంటు ముందున్న చౌకు ఈ ఊరేగింపుల్ని చూసింది. మా మిత్రురాలు ఒక్క రోజు బెర్న్‌లో ఆగుదామంటే "అక్కడ చూడ్డానికేముంది?" అన్నారట ఆయన.

ఇంకో మాట. మనం దిగే హోటళ్ళలో పక్కలు సర్దే చేతులు ఎవరివి? 2002 దాకా అక్కడ సీజను కూలీల పర్మిట్లుండేవి. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్, యుగోస్లావియాల నించి ఏడాదికి తొమ్మిది నెలల కోసం రప్పించుకునేవాళ్ళు. కుటుంబాన్ని తెచ్చుకోకూడదు. దొంగతనంగా తెచ్చుకున్న పిల్లల్ని తల్లులు పోలీసుల భయంతో అలికిడి లేకుండా గదుల్లో దాచి పనికి పోయేవారు. వాళ్ళకి 'అల్మరా పిల్లలు' అనే పేరే ఉంది. ఒకరి విహారం ఇంకొకరి వెట్టి మీద నిలబడుతుందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇది చెబుతుంటే ఆ బల్ల మీది రెండు కాగితాల్లోనూ లేని మనిషి గుర్తొచ్చింది. వాళ్ళింట్లో పదకొండేళ్ళుగా గిన్నెలు తోముతున్న ఆమె. ఇంటివాళ్ళు ఊళ్ళో ఉండని పద్నాలుగు రోజులకీ ఆమెకి జీతం ఇస్తున్నారా, కోస్తున్నారా? ఇళ్ళలో పనిచేసే వాళ్ళకి జీతంతో సెలవుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. మన ప్రభుత్వం దానికి అనుకూలంగా ఓటేసింది, ఆమోదం మాత్రం ఇవ్వలేదు. స్విట్జర్లాండ్ 2014లో ఇచ్చింది. ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక. మన సభ్యుల్లో ఎంతమంది పండక్కి ఊరెళ్ళినప్పుడు పనామెకి జీతం కొయ్యకుండా ఇస్తున్నాం? చేతులెత్తమంటే అపెన్‌జెల్ సభ లాగే ఉంటుందేమో.

నేనడిగితే మిత్రురాలు కాసేపు మాట్లాడలేదు. "నేనది ఆలోచించలేదక్కా" అంది.

వారం తర్వాత ఫోన్ చేసింది. పనామెకి పూర్తి జీతం ముందే ఇచ్చేసింది. టిట్లిస్ తీసేసి బెర్న్ పెట్టారు. ఆయన రెండు రోజులు ముఖం మాడ్చుకున్నారు గాని, రైలు టైములు మాత్రం ఆయనే మళ్ళీ రాశారు. కుక్కర్ సంగతి ఇంకా తేలలేదు. "తీసుకెళ్ళొచ్చు, కానీ అందులో బియ్యం కడిగి పోసేది నేను కాదన్నాను, అక్కడ ఆగింది" అని చెప్పింది.